1974 ఆసియా కప్పు గురించి రాస్తే మా మేనల్లుడికి సున్నా వేశారు

కిమిడి_మామయ్య
మా అక్క కొడుకు పర్లాకిమిడిలో ఎనిమిదో తరగతి. మొన్న శనివారం బడిలో ఆటల మీద క్విజ్ పెట్టారు. "భారత కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు సాధించిన అతి పెద్ద ఘనత ఏది?" అని ప్రశ్న. వీడు "1974లో ఆసియా యూత్ చాంపియన్‌షిప్ గెలవడం, కెప్టెన్ షబ్బీర్ అలీ" అని రాశాడు. ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన సున్నా చుట్టారు. వాళ్ల జవాబుల కాగితంలో ఉన్నది "2017 అండర్-17 ప్రపంచ కప్‌లో ఆడటం" అట. వాడికి 1974 సంగతి చెప్పింది నేనే. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. "మామయ్యా, నువ్వు చెప్పేవన్నీ ఇలాంటివేనా?" అన్నాడు, అదీ వాళ్లమ్మ ముందు.

మార్కు పోతే పోయింది. కప్పు తెచ్చిన టోర్నీ కంటే మూడు మ్యాచ్‌లు వరసగా ఓడిన టోర్నీ గొప్పదెలా అయింది? ఇక్కడ ఆట తెలిసిన పెద్దలున్నారు, కాస్త చెప్పండి. వాడికి చూపించాలి.

బరంపురం_బావ
గెలిచింది అనకు బావా, పంచుకుంది అను. ఫైనల్ 2-2. ఇరాన్‌తో చెరి సగం.

కిమిడి_మామయ్య
పంచుకున్నా చాంపియనే కదా.

బరంపురం_బావ
ఒకే ఆకులో ఇద్దరు తిన్నా ఇద్దరూ భోజనం చేసినట్టే. కడుపు నిండిందా అని మాత్రం అడక్కు.

హాఫ్‌టైమ్_టీ
క్విజ్ పెట్టినాయనకి ఫుట్‌బాల్ అంటే 2017లోనే పుట్టింది కాబోలు. మా ఆఫీసులో ఒకాయనకి క్రికెట్ 1983లో పుట్టింది.

గుణుపురం_మాస్టారు
మామయ్య గారూ, మీ మేనల్లుడు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. 1974, బ్యాంకాక్. కోచ్ అరుణ్ ఘోష్. ఆయన 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులో డిఫెండర్. ఆ జట్టుకి కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. రహీమ్ సాబ్ 1963లో పోయారు. ఆయన దగ్గర ఆడినవాడు పదకొండేళ్ల తర్వాత కుర్రాళ్లని తీసుకెళ్లాడు, ఆ కుర్రాళ్లకి కెప్టెన్ మళ్లీ హైదరాబాదువాడే. షబ్బీర్ అలీ 1956లో పుట్టాడు, అంటే అప్పటికి పద్దెనిమిదేళ్లు. చాలా కాలం తర్వాత, 2011లో, ప్రభుత్వం ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది.

ఇక పంచుకోవడం గురించి. బావ గారు ఆకు సామెత చెప్పారు గానీ, ఆ రోజుల్లో ఈ టోర్నీలో ఫైనల్ డ్రా అయితే ఇద్దరికీ ఇచ్చేసేవారు. 1961లో బర్మా, ఇండోనేషియా పంచుకున్నాయి. ఇరాన్ 1973లో ఒంటరిగా గెలిచింది, 74లో మనతో, 75లో ఇరాక్‌తో, 76లో ఉత్తర కొరియాతో పంచుకుంది. వరసగా నాలుగేళ్లు చాంపియన్ అయిన జట్టది. దాన్ని ఆపి 2-2 దగ్గర నిలబెట్టారంటే తేలిగ్గా తీసేయకండి.

అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. పేపరు మరుసటి రోజు మధ్యాహ్నం బండిలో వచ్చేది. వార్డెన్ చదివాక వంటవాడికి, వంటవాడి తర్వాత మాకు. మా దాకా వచ్చేసరికి దాని మీద పప్పు మరక. ఆ వార్త చిన్నదే, ఆటల పేజీలో కింద. ఫొటో ఉన్నట్టు గుర్తు లేదు.

సిరొంచ_సంతోష్
మాస్టారూ, ఇరాన్‌కి మరి పంచుకునుడు అలవాటే ఉన్నట్టుంది.

బరంపురం_బావ
మాస్టారు చెప్పాక ఒప్పుకుంటున్నా. అయినా ఒక డౌటు. అంత గొప్ప జట్టయితే వెంటనే ప్రపంచ కప్‌కి ఎందుకు వెళ్లలేదు?

గుణుపురం_మాస్టారు
వెళ్లడానికి ప్రపంచ కప్ ఉంటే కదా. కుర్రాళ్లకి ఫిఫా మొదటి ప్రపంచ టోర్నీ పెట్టింది 1977లో, ట్యునీషియాలో. మనవాళ్లు మూడేళ్లు ముందు గెలిచారు. ఆసియా టోర్నీ మాత్రం 1959 నుంచీ ఉంది. అండర్-16 ప్రపంచ టోర్నీ 1985లో చైనాలో మొదలైంది, అదే తర్వాత అండర్-17 అయింది.

బరంపురం_బావ
అంటే పెళ్లికూతురు లేకుండానే మనవాళ్లు తలంబ్రాలు పోసేశారన్నమాట.

హాఫ్‌టైమ్_టీ
ఈ బావకి ప్రతిదీ పెళ్లిలాగే కనిపిస్తుంది. ఎవరైనా సంబంధం చూడండి బాబూ.

నాగావళి_నిజం
అందరూ ఆ ఒక్క ఏడాదినే పట్టుకుని వేలాడుతున్నారు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఏం చేశామో అడగండి. ఆ వయసు (ఇరవై లోపు) వాళ్ల ఆసియా ప్రధాన టోర్నీలో మనం చివరిసారి ఆడింది 2006లో, అదీ మన దేశంలో జరిగింది కాబట్టి. ఆ కప్పు ఉత్తర కొరియా ఎత్తుకెళ్లింది. 2017లో అండర్-17 ప్రపంచ కప్‌కి వెళ్లామంటారు, వెళ్లలేదు. అదే మన ఇంటికి వచ్చింది. ఇంటివాడు కాబట్టి ఆకు వేశారు. (బావా, నీ భాషే.) గెలిచి వెళ్లిన ప్రపంచ కప్ మగపిల్లల జట్లలో ఒక్కటీ లేదు.

అందుకని క్విజ్ మాస్టారిని నేను పూర్తిగా తప్పు పట్టను. పిల్లలకి కంటి ముందు జరిగిందే చరిత్ర.

కిమిడి_మామయ్య
కంటి ముందు జరగనిది చెప్పడానికే కదా బడి ఉన్నది!

సిరొంచ_సంతోష్
2017 అంటే నాకు అమెరికాతో 0-3 కాదు, ఘానాతో 0-4 కాదు. అక్టోబరు 9, కొలంబియాతో ఢిల్లీల మ్యాచ్. మా సిరొంచలో కరెంటు ఆ రోజు ఎట్లనో ఉంది. అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని చూస్తున్నా. 0-1. 82వ నిమిషంలో కార్నర్. సంజీవ్ స్టాలిన్ కొట్టిండు, మణిపూర్ పోరడు జీక్సన్ సింగ్ లేచి హెడ్ చేసిండు. గోల్! ఫిఫా ప్రపంచ కప్‌లో, పెద్దలదీ చిన్నలదీ ఏదైనా సరే, మన దేశం కొట్టిన మొట్టమొదటి గోల్. పళ్లెం కింద పడింది. పప్పు, పచ్చిపులుసు అంతా చాప మీద. అమ్మ తిట్టుకుంటూ గుడ్డ తెచ్చింది. నేను చెయ్యి కడుక్కొని వచ్చేసరికి 1-2. ఒక్క నిమిషంలో వాళ్లు మళ్లీ కొట్టేసిన్రు.

ఆ చాప మీద మరక ఇంకా ఉంది. నాగావళి అన్నా, నువ్వు ఏమన్నా అను, ఆ నిమిషం నాది.

నాగావళి_నిజం
నిమిషం నీదే తమ్ముడూ. చాప అమ్మది.

వంశధార_ఒడ్డు
😂 ఇది బాగుంది.

మాధవి_ఛత్రపురం
మగపిల్లల సంగతే మాట్లాడుతున్నారు. ఆడపిల్లల ప్రపంచ కప్ మన రాష్ట్రంలోనే జరిగింది కదా, ఎవరికీ గుర్తు లేదా? 2022 అక్టోబరు, అండర్-17. మన జట్టు మ్యాచ్‌లు మూడూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. అంతకు ముందు 2020లో జరగాల్సింది, కోవిడ్ వల్ల వాయిదా పడి చివరికి ఆ ఏడాదిది రద్దయింది. 2022లోనూ ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది, టోర్నీ చేజారిపోతుందనుకున్నాం. పదకొండు రోజుల్లో ఎత్తేశారు.

నేను మా పాపని తీసుకుని మొదటి మ్యాచ్‌కి వెళ్లాను. పాపకి అప్పుడు తొమ్మిదేళ్లు. అమెరికాతో. ఒక్కో గోల్ పడుతుంటే పాప ఒక్కో వేలు మడుస్తోంది. ఎనిమిది అయ్యాయి. విజిల్ ఊదాక చేతులు నాకు చూపించి "అమ్మా, ఇంకా రెండు మిగిలాయి" అంది. నాకు ఏడుపు వచ్చింది, అది మాత్రం నవ్వుతోంది. స్టేడియంలో జనం లేచి చప్పట్లు కొట్టారు, మన పిల్లలకే. తర్వాత మొరాకోతో 0-3, బ్రెజిల్‌తో 0-5.

కెప్టెన్ అస్తమ్ ఉరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. కూతురు కెప్టెన్ అయిందని ఊరికి రోడ్డు మంజూరు చేస్తే, ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలే కూలికి వెళ్లారు. ఇది పేపర్లలో వచ్చింది. మూడు మ్యాచ్‌లలో పదహారు గోల్స్ తిన్నారని వెక్కిరించినవాళ్లు ఆ రోడ్డు మీద ఒకసారి నడిచి రావాలి.

గుణుపురం_మాస్టారు
అమ్మా, మీ పోస్టు రెండు సార్లు చదివాను.

రాయగడ_డిఫెండర్
నాగావళి అన్న అడిగిన ప్రశ్నకి (యాభై ఏళ్లు ఏం చేశాం?) నా ఎడమ చెయ్యి సమాధానం చెబుతుంది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు అండర్-14 సెలక్షన్స్. జిల్లా దాకా వచ్చాను. అప్పటికే మూతి మీద మీసం, గొంతు మారిపోయింది. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీశారు. దాన్ని టీడబ్ల్యూ-3 అంటారు. చేతి ఎముకలు ఎంత ముదిరాయో ఒక్కొక్కటీ చూసి, లెక్క కట్టి వయసు చెబుతారు. అక్కడి కాంపౌండర్ ఆ ఫిల్మ్‌ని కిటికీ వెలుగుకి పట్టుకుని "చూడు బావూ, ఎముక చివర నల్ల గీతలు ఉండాలి, నీవి మూసుకుపోతున్నాయి" అన్నాడు. ఏజ్ ఎక్కువ అని రాసేశారు. అంతే, ఇంటికి.

ఇప్పుడు అసలు విషయం. నా వయసెంతో నాకే సరిగ్గా తెలియదు. బర్త్ సర్టిఫికెట్ లేదు. బడిలో వేసినప్పుడు పుట్టిన తేదీ అడిగితే నాన్న తుఫాను ఏడాది అన్నాడట, మాస్టారు జూలై 1 వేసేశారు. మా తరగతిలో పద్దెనిమిది మందికి జూలై 1 పుట్టినరోజు. ఒక్క రోజు చాక్లెట్లు పంచితే ఏడాది మొత్తానికీ సరిపోయేవి.

హాఫ్‌టైమ్_టీ
నాదీ జూలై 1. హ్యాపీ బర్త్‌డే టు మనందరం.

బరంపురం_బావ
నాది జూన్ 15. మా మాస్టారు కాస్త క్రియేటివ్.

గుణుపురం_మాస్టారు
ఈ జూలై 1 పాపంలో నాకూ వాటా ఉంది, దాచను. చేరే పిల్లలు అరవై మంది, రిజిస్టరు ఆ సాయంత్రానికి పూర్తి చేయాలి. అప్పుడు తోచలేదు ఇది ఒకడి ఆటకి అడ్డం వస్తుందని.

నాగావళి_నిజం
డిఫెండర్ తమ్ముడి విషయం బాధే. కానీ రెండో వైపు కూడా చూడాలి. మన జిల్లా టోర్నీల్లో అండర్-14 అని ఆడినవాళ్లలో పెళ్లిచూపులకి వెళ్లొచ్చిన వాళ్లని చూశాను. (బావా, నిన్ను కాదు.) అసలు పద్నాలుగేళ్ల పిల్లాడు వాళ్ల పక్కన నిలబడితే నడుము దాకా వస్తాడు. బెంచీ మీద కూర్చుంటాడు, రెండేళ్లకి మానేస్తాడు. పెద్దవాడు వచ్చేస్తాడు, కప్పు తెచ్చేస్తాడు, కోచ్‌కి పేరు. పద్దెనిమిదికి ఆ పెద్దవాడు పెరగడు, చిన్నవాడు ఆటలో ఉండడు. రెండు విధాలా నష్టం. అంతర్జాతీయంగా ఫిఫా 2009 నుంచి అండర్-17లో మణికట్టుకి ఎమ్మారై పెట్టింది. మణికట్టు దగ్గర రేడియస్ ఎముక చివర పెరిగే చోటు పూర్తిగా అతుక్కుపోయి ఉంటే 17 దాటాడని లెక్క. అక్కడ మన జిల్లా తెలివితేటలు పనికిరావు.

రాయగడ_డిఫెండర్
ఒప్పుకుంటాను అన్నా. మా జట్టులోనూ ఒకడు ఉండేవాడు, గడ్డం గీసుకుని వచ్చేవాడు. ఎక్స్‌రే రోజు రాలేదు, జ్వరం అని కబురు పెట్టాడు. నేను వెళ్లాను, దొరికిపోయాను. నిజంగానే నాకు పద్నాలుగో పదహారో ఇప్పటికీ తెలియదు.

వంశధార_ఒడ్డు
మాది ఇంకో రకం కాగితాల కథ. మా పెద్దాడు టెక్కలిలో వాళ్ల అమ్మమ్మ గారింట్లో పుట్టాడు. బర్త్ సర్టిఫికెట్ ఆంధ్రాది. బడి ఒడిశాలో, కాశీనగర్ దగ్గర. ఇక్కడ సెలక్షన్స్‌కి వెళితే కౌంటర్లో ఉన్నాయన కాగితం తిప్పి తిప్పి చూసి "ఇది ఏ భాష?" అన్నాడు. అఫిడవిట్ తెమ్మన్నారు. నోటరీ దగ్గరికి వెళ్లి వచ్చేసరికి నాలుగు రోజులు, సెలక్షన్స్ రెండు రోజులే. పోనీ శ్రీకాకుళం వైపు ప్రయత్నిద్దామంటే, ఆధార్ ఒడిశాది కదా అన్నారు. నౌపడా రైల్లో అటూ ఇటూ తిరగడంతోనే వాడికి ఫిట్‌నెస్ వచ్చింది.

కిమిడి_మామయ్య
1936లో రాష్ట్రాల గీత గీసినవాళ్లు సరిగ్గా మన మిడ్‌ఫీల్డ్ మీదుగా గీశారు.

వంశధార_ఒడ్డు
అటు బంతి తన్నితే ఆఫ్‌సైడ్, ఇటు తన్నితే అవుట్.

సిరొంచ_సంతోష్
మా దగ్గర గోదావరి దాటితే తెలంగాణ, ప్రాణహిత దాటినా తెలంగాణే. జిల్లా ఆఫీసు మాత్రం గడ్చిరోలిలో, బస్సులో పొద్దున పోతే పొద్దుగూకుతది. ట్రయల్స్ నోటీసు మరాఠీల వస్తది, అదీ అయిపోయినంక. మీది నయం.

జయపురం_జాన్
అందరూ ఓటములే రాస్తున్నారు. ఒక మంచి మాట. 2018 ఆగస్టు, స్పెయిన్‌లో వాలెన్సియా దగ్గర కోటిఫ్ కప్ అనే కుర్రాళ్ల టోర్నీ. మన అండర్-20 జట్టు అర్జెంటీనా అండర్-20ని 2-1తో ఓడించింది. అదీ రెండో సగంలో పది మందితో. అనికేత్ జాదవ్‌కి రెడ్ కార్డు. దీపక్ టాంగ్రీ ఒకటి, అన్వర్ అలీ ఒకటి. కోచ్ ఫ్లాయిడ్ పింటో. అవతలి బెంచీ మీద ఎవరో చూడండి, లియోనెల్ స్కలోని. నాలుగేళ్ల తర్వాత మెస్సీ జట్టుతో ఖతార్‌లో ప్రపంచ కప్ ఎత్తింది ఆయనే.

హాఫ్‌టైమ్_టీ
అంటే స్కలోని మన దగ్గర ఓడి బుద్ధి తెచ్చుకుని ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మెస్సీ మనకి థ్యాంక్స్ చెప్పాలి.

నాగావళి_నిజం
జాన్ గారూ, ఆ టోర్నీ చివరికి గెలిచింది ఎవరు?

జయపురం_జాన్
...అర్జెంటీనా.

నాగావళి_నిజం
🙏

జయపురం_జాన్
అయినా 2-1 రికార్డులో ఉంది. మీరు తీసేయలేరు. అదే ఏడాది మలేషియాలో ఆసియా అండర్-16. బిబియానో ఫెర్నాండెస్ కోచ్. వియత్నాంని 1-0, ఇరాన్‌తో 0-0, ఇండోనేషియాతో 0-0. ఒక్క గోల్ తినకుండా క్వార్టర్ ఫైనల్. అందులో దక్షిణ కొరియా మీద గెలిస్తే అండర్-17 ప్రపంచ కప్‌కి మన కాళ్ల మీద మనం వెళ్లేవాళ్లం. 0-1. ఒక్క మ్యాచ్!

నాగావళి_నిజం
చూశారా, మళ్లీ "ఒక్క". ఒక్క గోల్, ఒక్క మ్యాచ్, ఒక్క నిమిషం. అయిదేళ్ల తర్వాత థాయ్‌లాండ్‌లో అండర్-17 ఆసియా కప్, జపాన్‌తో 4-8. ఎనిమిది తినడం సరే, జపాన్ మీద నాలుగు కొట్టాం కదా, ఆ నాలుగు కొట్టిన కుర్రాళ్లకి ఆ ఏడాది మిగతా నెలల్లో ఎన్ని గట్టి మ్యాచ్‌లు దొరికాయి? నా ఏడుపు అదే. జట్టుని టోర్నీకి ముందు క్యాంపు పెట్టి తయారు చేస్తారు, టోర్నీ అయ్యాక ఎవరి ఊరికి వాళ్లు.

జయపురం_జాన్
అది మార్చడానికే కదా ఇండియన్ యారోస్ అని కుర్రాళ్ల జట్టు పెట్టారు. 2010లో ఒకసారి పెట్టి 2013లో మూసేశారు, 2017లో ప్రపంచ కప్ కుర్రాళ్లతో మళ్లీ పెట్టారు. పెద్దవాళ్ల ఐ-లీగ్‌లో వీళ్లని ఆడించారు. 2018-19లో వాళ్ల సొంత మైదానం భువనేశ్వరే. నేను కోరాపుట్ నుంచి బస్సులో రాత్రంతా వెళ్లి చూశాను. ఓడారు. కానీ మీసాలవాళ్ల మధ్య భయం లేకుండా ఆడారు.

నాగావళి_నిజం
అదీ మూసేశారు కదా తర్వాత.

జయపురం_జాన్
మూసేశారు. దాని మీద నాకు మీకంటే ఎక్కువ కోపం.

గంజాం_గోలీ
కళింగ స్టేడియం మాట వచ్చింది కాబట్టి. 2022 జూలై చివర, ఆగస్టు మొదట్లో శాఫ్ (దక్షిణాసియా దేశాల టోర్నీ) అండర్-20 అక్కడే జరిగింది. ఫైనల్ బంగ్లాదేశ్‌తో, ఎక్స్‌ట్రా టైమ్‌లో 5-2. గురుకీరత్ సింగ్ ఒక్కడే నాలుగు కొట్టాడు. మాధవి గారూ, రెండు నెలల తేడాలో అదే గ్రౌండ్‌లో అదీ ఇదీ. నేను మొదటిదానికి వెళ్లాను, మీరు రెండోదానికి. మన అదృష్టాలు మార్చుకోవాల్సింది.

మాధవి_ఛత్రపురం
మార్చుకోను. మా పాప ఆ మ్యాచ్ చూశాకే బూట్లు అడిగింది.

గంజాం_గోలీ
ఎనిమిది గోల్స్ చూసి కూడానా?

మాధవి_ఛత్రపురం
అవును. "వాళ్లు ఏడవలేదు కదమ్మా, మళ్లీ సెంటర్‌లో బంతి పెట్టి మొదలుపెట్టారు" అంది. బరంపురంలో బూట్లు కొంటే ఒక సైజు పెద్దవి ఇచ్చాడు కొట్టువాడు, పెరిగే పిల్ల కదా అని. ముందు దూది కుక్కి ఆడింది. ఇప్పుడు ఆ బూట్లు పట్టవు. నిజామాబాద్ నుంచి గుగులోత్ సౌమ్య దేశానికి ఆడుతోందని తెలిశాక ఆ ఫొటో గోడకి అతికించింది. మన భాష మాట్లాడే అమ్మాయి అని.

గుణుపురం_మాస్టారు
రాత్రి కూర్చుని ఒక లెక్క చూశాను. 2017 అండర్-17 ప్రపంచ కప్ జట్టులో ఇరవై ఒక్క మంది. అందులో ఎనిమిది మంది మణిపూర్. కెప్టెన్ అమర్‌జిత్, గోలీ ధీరజ్, గోల్ కొట్టిన జీక్సన్, అందరూ అక్కడివాళ్లే. 2011 జనాభా లెక్కల్లో మణిపూర్ మొత్తం 28 లక్షల చిల్లర. మన గంజాం ఒక్క జిల్లా 35 లక్షలు. మన వైపు నుంచి ఆ జట్టులో ఎంత మందో చెప్పనక్కర్లేదు కదా.

అక్కడి పిల్లలకి ఎముకలు వేరుగా ఉండవు. ప్రతి పేటకీ ఒక క్లబ్బు, ఒక మైదానం. సాయంత్రం అయితే చిన్నాపెద్దా అందరూ అక్కడే. ఒకప్పుడు హైదరాబాదూ అంతే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది. వాళ్లని చూస్తూ పెరిగిన వీధుల్లోంచి షబ్బీర్ అలీ వచ్చాడు. ఇరవై ఏళ్లు పట్టింది, కానీ వచ్చాడు. ఆ వీధుల్లో ఇప్పుడు బండ్లు పార్కింగ్.

బరంపురం_బావ
మాస్టారూ, మనూళ్లో మైదానం ఉంది. దసరాకి ఎగ్జిబిషన్, తర్వాత సర్కస్, తర్వాత పార్టీల మీటింగు. మిగిలిన రోజుల్లో అప్పడాలు ఆరబెడతారు.

హాఫ్‌టైమ్_టీ
బరంపురం అప్పడం మీద ఒక్క మాట అనకు. అది జాతీయ జట్టు కంటే ఎక్కువ దేశాలు తిరిగింది.

రాయగడ_డిఫెండర్
మా ఊళ్లో ఇప్పుడు నేను ఆదివారాలు పది మంది పిల్లలకి నేర్పుతున్నాను. మొదటి రోజు బంతి ముట్టుకోనివ్వలేదు. ఇంటికి వెళ్లి బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నాను. నలుగురికి లేదు. పంచాయతీకి వెళ్లి దరఖాస్తు పెట్టించాక ఆట మొదలుపెట్టాం. తల్లిదండ్రులు నన్ను రేషన్ కార్డు ఏజెంటు అనుకున్నారు.

వంశధార_ఒడ్డు
మా చిన్నాడు ఉన్నాడు, పదకొండేళ్లు. రాయగడ దాకా తీసుకురమ్మంటే తెస్తాను. వీడు మాత్రం ఇక్కడే పుట్టాడు, కాగితం ఒడియాలోనే ఉంది, జాగ్రత్త పడ్డాం.

రాయగడ_డిఫెండర్
తీసుకురండి. బూట్లు లేకపోయినా పర్లేదు, కాగితం మర్చిపోకండి.

జయపురం_జాన్
నాగావళి గారికి కానుక. 2025 నవంబరు 30, అహ్మదాబాద్. అండర్-17 ఆసియా కప్ అర్హత మ్యాచ్. మళ్లీ బిబియానో ఫెర్నాండెసే కోచ్. గెలిస్తేనే లోపలికి. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? ఇరాన్. 2-1, మనదే.

నాగావళి_నిజం
చూశాను ఆ మ్యాచ్. చివరి పది నిమిషాలు నిలబడే చూశాను. మా ఆవిడ కూర్చోమంటే కూర్చోలేదు. ఇది ఎక్కడా చెప్పకండి.

సిరొంచ_సంతోష్
అన్నా, పళ్లెం పడిందా?

నాగావళి_నిజం
టీ గ్లాసు.

కిమిడి_మామయ్య
అప్‌డేట్. నిన్న మా బావ బడికి వెళ్లాడు, ఈ చర్చలో మాస్టారు రాసింది ఫోన్‌లో చూపించాడు. క్విజ్ పెట్టిన సారు మంచాయనే, చదివి, ఇంకో రెండు చోట్ల చూసుకుని ఒప్పుకున్నారు. ఎర్ర సున్నా కొట్టేశారు. పక్కన అర మార్కు వేశారు. అర మార్కేమిటి సార్ అని అడిగితే "సంయుక్త విజేతలు కదండీ" అన్నారట.

బరంపురం_బావ
నేను మొదటి రోజే చెప్పాను!

హాఫ్‌టైమ్_టీ
మిగతా అర మార్కు ఇరాన్‌కి పోస్టులో పంపారా?

గుణుపురం_మాస్టారు
పిల్లాడు ఏమన్నాడు?

కిమిడి_మామయ్య
మాట్లాడుతున్నాడు మాస్టారూ. షబ్బీర్ అలీ ఏ కాలితో కొట్టేవాడు అని అడుగుతున్నాడు. మీకు తెలిస్తే త్వరగా చెప్పండి, నేను మళ్లీ ఏదో చెప్పి ఇరుక్కోలేను. రాయగడ తమ్ముడూ, ఆదివారం ఎన్ని గంటలకి? వీడిది కూడా జూలై 1 కాదు, చూసుకున్నాను.